పాత పడవను ఒడ్డున చూడండి, నీళ్లలో చూడండి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లుగా చెన్నై తిరువొత్తియూరులో ఉంటున్నాం. మా బావమరిది పులికాట్‌లో చేపలవేట చేస్తాడు. ఇద్దరం కలిసి కాశిమేడులో వాడిన ఫైబర్ బోటు ఒకటి, దానికున్న ఔట్‌బోర్డ్ ఇంజిన్‌తో సహా కొనాలనుకుంటున్నాం. ఈమధ్యే రంగు వేయడంతో బోటు కొత్తదానిలా ఉంది. ఇంజిన్ ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. వేరేవాళ్లు కూడా చూసి వెళ్లారని, రేపే బయానా ఇమ్మని బ్రోకరు తొందరపెడుతున్నాడు. "సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు తెలియదా" అని మా బావమరిది అంటున్నాడు. విడిగా ఎవరిచేతనైనా పరీక్ష చేయించడం అవసరమా?
– ఒక పాఠకుడు, తిరువొత్తియూరు

జవాబు: తప్పకుండా అవసరం. దయచేసి రేపు బయానా ఇవ్వకండి. మీ బావమరిదికి సముద్రం తెలియదని నేను అనడం లేదు. అలల మీద పడవను నడపడం ఒక విద్య అయితే, ఆ పడవ పొరల లోపల నీరు ఎక్కడ దాక్కుందో పట్టుకోవడం మరొక విద్య. పరీక్ష జరిగేటప్పుడు ఆయన పక్కన ఉండాలి, ఆయన అడిగే ప్రశ్నలు ఎంతో ఉపయోగపడతాయి. కానీ పరీక్ష చేసే మనిషి మాత్రం మీరు డబ్బిచ్చి పిలిపించుకున్న మనిషై ఉండాలి. అమ్మేవారి మెకానిక్కు, బ్రోకరు తీసుకొచ్చే మేస్త్రీ ఎంత మంచివారైనా ఈ పనికి తగరు, ఎందుకంటే బేరం కుదిరితేనే వారికి నాలుగు డబ్బులు వస్తాయి.

మీ ఉత్తరంలో రెండు మాటలు నన్ను కలవరపెట్టాయి. ఒకటి ఈమధ్యే వేసిన రంగు, రెండవది ఒక్క లాగుకే లేచిన ఇంజిన్. మొదట రంగు సంగతి చూద్దాం. ఫైబర్ బోటు అంటే గాజు నూలు చాపలను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, ఒకదానిమీద ఒకటి పరిచి గట్టిపరిచిన పెంకు. దాని పైన నిగనిగలాడుతూ కనిపించే పలుచని పొరను జెల్‌కోట్ అంటారు. ఆ పెంకుకు దెబ్బ తగిలితే జెల్‌కోట్ మీద సాలెగూడు ఆకారంలో సన్నని పగుళ్లు వస్తాయి, పెంకు పదేపదే వంగుతూ లేస్తూ ఉంటే వరుసగా గీతలు గీసినట్టు పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లే పడవ చరిత్ర అంతా చెబుతాయి, రంగు వేస్తే ఆ చరిత్ర చెరిగిపోతుంది. రంగు వేసిన ప్రతి యజమానీ మోసం చేస్తున్నాడని అనలేం, సంవత్సరానికోసారి రంగు వేసుకునేవారు ఎందరో ఉన్నారు. అయినా రంగు వేయకముందు తీసిన ఫోటోలు ఉన్నాయా అని అడగండి. 2016 డిసెంబరులో వర్దా తుపాను చెన్నైని తాకినప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాటి వానలప్పుడు ఈ పడవ ఎక్కడ కట్టి ఉందో కూడా అడగండి. రేవులో పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయా, ఇంజిన్ నీట మునిగిందా అన్నది ఆ జవాబును బట్టి చాలావరకు తెలుస్తుంది.

పడవ వయసు కూడా తేల్చుకోండి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత పోయిన తెప్పలకు, నావలకు బదులుగా ఈ తీరమంతటా ఒక్కసారిగా ఫైబర్ పడవలు దిగాయి. వాటిని తయారుచేయడానికి కొత్త షెడ్లు కూడా అంతే వేగంగా వెలిశాయి. వాటిలో నాణ్యమైనవీ ఉన్నాయి, రెజిన్ తగ్గించి చాపలు ఎగ్గొట్టి తొందరగా దింపినవీ ఉన్నాయి. ఆ నాటి పడవ అయితే ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి పెంకును మరింత శ్రద్ధగా చూడవలసి ఉంటుంది.

ఇక పరీక్ష మొదలుపెట్టడం పడవను ఒడ్డుకు ఎక్కించడంతోనే. నీళ్లలో తేలుతున్న పడవను చూసి కొనడం సగం మూసిన పుస్తకాన్ని చదివినట్టే. ఎక్కించిన వెంటనే, తడి ఆరకముందే, అడుగుభాగాన్ని ఒకసారి చూడాలి. రెజిన్‌లోకి నెమ్మదిగా నీరు చేరితే జెల్‌కోట్ కింద చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. ఆరేకొద్దీ ఆ బొబ్బలు అణిగిపోయి కనబడకుండా పోతాయి కాబట్టి తడిమీదే వాటిని వెతకాలి. యజమాని ఒప్పుకుంటే ఒక బొబ్బను చిట్లించి చూడండి. లోపలి నీరు జిగురుగా ఉండి పుల్లని వెనిగర్ వాసన వస్తే అది రంగు పొర కింద చేరిన గాలి కాదు, రెజిన్‌కు పట్టిన జబ్బే. తేమను కొలిచే మీటరు మాత్రం రెండు మూడు రోజులు ఆరిన తర్వాతే పెట్టాలి, లేకపోతే పైన ఉన్న తడినే అది లోపలి తేమగా చూపిస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. కాశిమేడు రేవులో ఏడాది పొడవునా నీళ్లలోనే కట్టి ఉండే పడవకు ఈ బొబ్బల భయం ఎక్కువ. రోజూ ఇసుక మీదకు లాగి పెట్టే పల్లెల పడవకు ఆ భయం తక్కువే కానీ, దాని అడుగు ఇసుకకు రాసుకుని అరిగిపోతుంది. జెల్‌కోట్ పోయి గాజు నూలు నూగులా బయటికి కనిపిస్తున్న చోట ఆ పోగుల వెంబడి నీరు లోపలికి పాకుతుంది. చేత్తో నిమిరితే గరుకుగా తగిలే ప్రతి చోటునూ సుద్దముక్కతో గుర్తు పెట్టించండి.

తర్వాత తట్టి చూడటం. చిన్న సుత్తితో గానీ స్క్రూడ్రైవర్ పిడితో గానీ పెంకునంతా జానెడు జానెడు దూరంలో తేలికగా తడుతూ పోవాలి. గట్టిగా ఉన్న చోట ఖంగుమని ఒకే రకమైన శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట, లోపలి చెక్క కుళ్లిన చోట, దబ్బుమన్నట్టు మొద్దు శబ్దం వస్తుంది. కొబ్బరికాయ తట్టి లేతదో ముదురుదో చెప్పగల చెవి ఉన్నవారు ఈ తేడాను పది నిమిషాల్లో పట్టుకుంటారు. ఇది మీరు స్వయంగా చేయదగిన పరీక్ష, చేయండి కూడా.

అన్నిటికంటే ముఖ్యమైన చోటు అమరం, అంటే ఇంజిన్ బిగించే వెనుక గోడ. చాలా ఫైబర్ బోట్లలో అక్కడ రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెడతారు. ఇంజిన్ బోల్టుల కోసం వేసిన రంధ్రాలను సరిగా మూయకపోతే వాటిగుండా ఉప్పునీరు చేరి ఆ ప్లైవుడ్ ఏళ్ల తరబడి లోలోపల నానుతుంది, బయటి ఫైబర్ మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఇంజిన్‌ను పైకి లేపి ఉంచి, కింది భాగం మీద మీ బరువంతా మోపి నొక్కండి, మరొకరు అమరం వైపు చూస్తూ ఉండాలి. గోడ కదిలినా, మూలల్లో సన్నని పగులు తెరుచుకుని మూసుకున్నా ఆ పడవ బేరం అక్కడితో ఆపవచ్చు. ఒక బోల్టు ఊడదీయించి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రంధ్రం నుంచి గోధుమరంగు నీరో, నానిన చెక్కపొడో వస్తే ఇక వాదన అక్కరలేదు.

దీని గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నేను పడవల సర్వే పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక ఫైబర్ బోటును చూశాను. దానికీ కొత్తగా రంగు వేసి ఉంది. యజమాని తొందరలో ఉండటంతో అమరాన్ని తట్టి వదిలేశానే గానీ, బరువు మోపి నొక్కి చూడలేదు, బోల్టు ఊడదీయించలేదు. రెండు నెలల తర్వాత ఎన్నూరు బయట సముద్రంలో ఇంజిన్ అమరం ముక్కతో సహా ఊడి నీళ్లలో పడిపోయింది. పడవలో ఉన్న ముగ్గురూ మరో పడవ సాయంతో ఒడ్డుకు చేరారు కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను. ఆ తర్వాత ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ బోల్టు విప్పకుండా నేను సంతకం పెట్టలేదు.

చేపల గది చుట్టూ, బల్లల కింద నింపే ఫోమ్ సంగతి కూడా చూడాలి. మంచునీరు, సముద్రపు నీరు చేరి ఆ ఫోమ్ నానితే పడవ బరువెక్కుతుంది, మునిగే వేళ తేల్చవలసిన ఫోమే అప్పుడు కిందికి లాగుతుంది. ఖాళీ పడవ నీళ్లలో ఒక పక్కకు ఒరిగి ఉన్నా, పాత నీటి గీత కంటే లోతుగా కూర్చున్నా అనుమానించండి.

ఇంజిన్ విషయానికొస్తే, మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూశారా? అరగంట ముందు నడిపిన ఇంజిన్‌ను ఎవరు లాగినా లేస్తుంది. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పి, ఉదయాన్నే వెళ్లండి. లాగకముందు గేర్ ఆయిల్ కింది మర కొద్దిగా వదులు చేయించండి. రాత్రంతా కదలకుండా ఉన్న ఇంజిన్‌లో నీరు అడుగుకు చేరుతుంది కాబట్టి సీలు పోయి ఉంటే ముందు నీటిచుక్కలే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా అర్థం అదే. ఫ్యాను (ప్రొపెల్లర్) విప్పి దాని వెనుక షాఫ్టుకు వల దారం చుట్టుకుని ఉందేమో చూడండి, మన తీరంలో సీళ్లను కోసేది చాలాసార్లు ఆ దారమే. తర్వాత సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టించండి. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటితే ఆ ఇంజిన్‌కు త్వరలో పెద్ద ఖర్చు రాబోతున్నట్టు లెక్క. తుప్పును తనమీదకు తీసుకునే జింకు ముక్క సగానికి పైగా అరిగినా, దానిమీద కూడా రంగు పూసేసినా యజమాని శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది, ఎందుకంటే రంగు పూసిన జింకు పనిచేయదు.

చివరగా, ఇంత చూసినా, సముద్రంలో కనీసం ఒక గంట నడపకుండా ఒప్పుకోకండి. వేటకు వెళ్లేంత బరువు వేసుకుని పూర్తి వేగంతో నడపండి. ఇంజిన్ కంపెనీ పుస్తకంలో చెప్పిన వేగానికి అది చేరుతోందా, చల్లబరిచే నీరు పక్కనుంచి ధారగా ఆగకుండా వస్తోందా, రివర్స్ గేరు జారుతోందా చూడండి. ఒడ్డుకు వచ్చాక పడవ అడుగున ఎంత నీరు చేరిందో చూడటం మరచిపోవద్దు. మీదైన ఒక ఫైబర్ మేస్త్రీ, మీదైన ఒక ఔట్‌బోర్డ్ మెకానిక్కు, ఇద్దరూ కలిసి ఒకే రోజు చూస్తే మీ పడవ పరిమాణానికి సరిపోతుంది. ఇన్సూరెన్సు చేయించే ఉద్దేశం ఉంటే మాత్రం లైసెన్సు ఉన్న మెరైన్ హల్ సర్వేయరు చేత రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోవడం మేలు.

ప్రశ్న: మా వారు, ఆయన స్నేహితులు ఇద్దరు కలిసి సరదాగా తిరగడానికి డీజిల్ ఇంజిన్, చిన్న క్యాబిన్ ఉన్న పాత మోటారు పడవ కొనాలని చూస్తున్నారు. మూడేళ్ల కిందటి సర్వే రిపోర్టు ఉంది, అది చాలు అంటున్నారు అమ్మేవారు. మళ్లీ చేయించాలంటే పడవను పైకి ఎత్తే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పిల్లలు కూడా అందులో ఎక్కుతారు కాబట్టి నాకు భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. ఆ రిపోర్టు సర్వేయరు ఆ రోజు ఏం చూశారో చెబుతుంది, ఎవరు డబ్బిచ్చి అడిగారో వారి కోసం రాసింది. ఆ తర్వాత మూడు ఈశాన్య రుతుపవన కాలాలు గడిచాయి. అయినా దాన్ని పారేయకండి, కాపీ తీసుకుని కొత్త సర్వేయరుకు ఇవ్వండి. అప్పుడు రాసిన లోపాలను బాగుచేశారా లేదా అన్నదే ఆయన మొదట చూస్తారు, బాగుచేయకపోతే ఆ యజమాని గురించి అంతకంటే తెలుసుకోవలసింది లేదు.

సాధారణంగా సర్వేయరు ఫీజు, పడవను పైకి ఎత్తి దించే ఖర్చు కొనేవారే భరిస్తారు. అందుకు ప్రతిఫలంగా రిపోర్టు మీ సొత్తు అవుతుంది, అది మీ పక్షాన మాట్లాడుతుంది. బయానా ఇచ్చేటప్పుడు కాగితం మీద ఒక్క వాక్యం రాయించుకోండి: సర్వేలోనూ సముద్ర పరీక్షలోనూ కొనేవారికి తృప్తి కలగకపోతే బయానా మొత్తం వాపసు చేయాలి, లేదా లోపాల మేరకు ధర తగ్గించాలి. ఆ వాక్యానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే ఆగను.

డీజిల్ ఇంజిన్‌లో పొగ రంగును గమనించమని మీ వారికి చెప్పండి. బరువు మోపినప్పుడు నల్లపొగ ఆగకుండా వస్తే ఇంధనం పూర్తిగా మండటం లేదని, నీలం పొగ ఇంజిన్ ఆయిల్ మండుతోందని, వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ తగ్గకపోతే నీరు గానీ మండని డీజిల్ గానీ బయటికి పోతోందని అర్థం. షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్లే చోట నీటిని ఆపడానికి పాతరకం ప్యాకింగ్ ఉంటే, నడుస్తున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారడం సహజమే. ధారగా కారితే కాదు. పైకి ఎత్తినప్పుడు ఫ్యానును జాగ్రత్తగా చూడాలి. ఇత్తడి రంగు పోయి గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే లోహంలోని జింకు ఉప్పునీటిలో కరిగిపోయి, మిగిలినది గుల్లబారిందని తెలుసుకోవాలి.

పిల్లలు ఎక్కుతారన్నారు కాబట్టి నేను ఎక్కువ శ్రద్ధ పెట్టమనేది పెంకులో ఉన్న రంధ్రాల మీద. ఇంజిన్‌కు నీరు తీసుకునేవి, లోపలి నీరు బయటికి పంపేవి, ఇలా నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి రంధ్రానికీ ఒక వాల్వు ఉంటుంది. ప్రతి వాల్వునూ చేత్తో తిప్పి మూయగలగాలి. తుప్పుపట్టి కదలకపోతే, ఆ పైపు ఒకరోజు ఊడిపోయినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. పైపులకు వేసిన క్లిప్పులు, అడుగు నీటిని తోడే పంపు, దాని ఆటోమేటిక్ స్విచ్చు, ఇవన్నీ మీ కళ్ల ముందే పనిచేయించి చూపమనండి. క్యాబిన్‌లో పెట్రోలు వాసన గానీ గ్యాసు వాసన గానీ వస్తే ఆ పూట పరీక్ష ఆపి బయటికి రండి. ప్రాణరక్షక జాకెట్లు పిల్లల కొలతలకు ఉన్నాయా అన్నది పడవ కొనకముందే చూసుకోవలసిన విషయం.

చెన్నైలో 1911 నుంచి నడుస్తున్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌లో ఏళ్ల తరబడి పడవలు నడిపినవారు ఉంటారు. అలాంటివారిని కలిసి ఏ సర్వేయరు నిక్కచ్చిగా రాస్తారో అడగండి. పేరు అమ్మేవారి నోటివెంట రాకపోవడమే మంచిది.

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చి కాశిమేడులో సరంగుగా పనిచేస్తున్నాను. కూడబెట్టిన డబ్బుతో ఒక పాత చెక్క మరబోటులో వాటా కొనాలని ఉంది. ఏ నెలల్లో చూస్తే మంచిది?
– ఒక పాఠకుడు, తండయారుపేట

జవాబు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం ఉంటుంది కదా, ఆ 61 రోజులే మీకు అవకాశం. బోటు ఒడ్డున ఉంటుంది, అడుగు కనిపిస్తుంది, పైగా పని చేయిస్తున్న వడ్రంగులను అడిగితే ఏ పలక ఎన్నిసార్లు మార్చారో చెబుతారు. రంగు వేయకముందు, అంటే ఏప్రిల్ చివరిలో వెళ్లండి. జూన్‌లో వెళితే రంగే కనిపిస్తుంది.

చెక్క బోటుకు అసలు శత్రువు ఓడపురుగు. బయట గుండుసూది మోపినంత రంధ్రమే పెట్టి, లోపల వేలు పట్టేంత సొరంగాలు చేస్తుంది. సన్నని సూది మొన ఉన్న పనిముట్టుతో నీటి గీత కింద, అడుగు దూలం పొడవునా, పలకలు కలిసే చోట గుచ్చి చూడాలి. చెక్క గట్టిగా ఎదురు నిలవాలి, మెత్తగా దిగిపోకూడదు. మేకుల చుట్టూ నల్లని మరకలు ఉంటే ఇనుము తుప్పుపట్టి చెక్కను తినేస్తోందని గ్రహించండి. రెండు మేకులు బయటికి లాగించి వాటి మధ్యభాగం సన్నబడిందేమో చూడటానికి యజమాని ఒప్పుకోవాలి. ఇంజిన్ కూర్చున్న దూలాలను, ఐసు గది కింది చెక్కను ప్రత్యేకంగా చూడండి. వాన నీరు, ఐసు కరిగిన మంచినీరు నిలిచే చోట చెక్క ఉప్పునీటిలో కంటే త్వరగా కుళ్లుతుంది.

వాటా కొంటున్నారు కాబట్టి పరీక్ష ఖర్చును మిగిలిన వాటాదార్లతో పంచుకోమని అడగండి. వారు ఒప్పుకోకపోయినా మీరే పెట్టుకుని చేయించండి. మీరు పోసే డబ్బే కాదు, రేపు ఆ బోటు మీద మీతోపాటు సముద్రంలోకి వెళ్లే కళాసీల ప్రాణాలు కూడా ఆ చెక్క మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న: పడవ, ఇంజిన్ రెండూ బాగున్నాయని మా మెకానిక్కు చెప్పాడు. కాగితాల్లో ఏం చూడాలి? ఆ పడవ ఆంధ్రలో రిజిస్టరు అయింది, మేం ఎన్నూరులో పెట్టుకోవాలి.
– ఒక పాఠకుడు, మణలి

జవాబు: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని పొడవు, వెడల్పు, ఇంజిన్ నంబరు మీ కళ్ల ముందున్న పడవతో సరిపోవాలి. ఇంజిన్ మార్చి ఉంటే దాని బిల్లు కావాలి. నంబరు గీకేసిన ఇంజిన్‌ను ఎంత చవకైనా ముట్టుకోకండి. పడవ పక్కన రాసిన నంబరులో ఐఎన్‌డీ తర్వాత వచ్చే అక్షరాలు రాష్ట్రాన్ని సూచిస్తాయి, మీది ఏపీ అని ఉంటుంది. డబ్బు చెల్లించకముందే రెండు చోట్లకు వెళ్లండి. అది రిజిస్టరు అయిన చోటి మత్స్యశాఖ కార్యాలయంలో పేరు మార్పిడికి అడ్డంకులు ఏమైనా ఉన్నాయా, బ్యాంకు అప్పు గానీ సబ్సిడీ షరతు గానీ దానిమీద ఉందా అని అడగండి. మీ ప్రాంతపు మత్స్యశాఖ కార్యాలయంలో దాన్ని తమిళనాడు కింద నమోదు చేయడానికి ఏ కాగితాలు కావాలో రాయించుకోండి. యజమాని పేరు సర్టిఫికెట్టులో ఒకటి, అమ్మే మనిషి పేరు మరొకటి అయితే, సర్టిఫికెట్టులో ఉన్న మనిషే వచ్చి సంతకం పెట్టేదాకా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.